రెండు కిలోలు తక్కువ

దానికి విమానాశ్రయమని పేరు పెట్టినవాడెవడో మహా ఆశావాది అయి ఉండాలి. రేకుల షెడ్డు ఒకటి, గాలి ఎటు వీస్తోందో చూపించే గుడ్డ గొట్టం ఒకటి, మట్టి రన్‌వే ఒకటి, దాని చివర ముళ్ళకంచె. అంతే సంబడం. వారానికి మూడు రోజులు పన్నెండు సీట్ల విమానం ఒకటి మధ్యాహ్నం బయల్దేరి అవతలి ఊరికి వెళ్తుంది, మర్నాడు తిరిగొస్తుంది. అవతల ఉన్నదీ ఇలాంటి రేకుల షెడ్డే. కాకపోతే ఆ ఊళ్ళో ఆసుపత్రి ఉంది, ఈ ఊళ్ళో లేదు. షెడ్డు గోడ మీద నీలం రంగు అక్షరాలతో "దూరం 380 కిలోమీటర్లు, ప్రయాణం గంటా ఇరవై నిమిషాలు" అని రాసి ఉంటుంది. దూరం మాట నిజం. ప్రయాణం మాట గాలి చేతిలో ఉంది. రోడ్డు మీద పోతామంటే రెండు రోజులు, అదీ ఏటి మీద బల్లకట్టు నడుస్తుంటే.

షెడ్డు తలుపు పక్కన ఇనప కాటా ఉంది. దాని వెనక ఇరవై రెండేళ్ళుగా ఒకాయన కూర్చుంటున్నాడు. అందరూ ఆయన్ని కాటాయన అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఎక్కబోయే ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ తూచి, కాగితం మీద రాసి, కూడిక వేసి, విమానం అంత మోయగలదా లేదా అని తేల్చడం ఆయన పని. మట్టి రన్‌వే పొట్టిది. బరువు మించితే విమానం కంచె దాటి లేవదు. అందుకని ఆయన కూడిక ముందు పెద్ద ఆఫీసరైనా ఒకటే, కూలీ అయినా ఒకటే. "ఎక్కండమ్మా, మీ బరువు నా కడుపులోనే ఉంటుంది, బయటికి పొక్కదు" అని ఆడవాళ్ళతో ఇరవై రెండేళ్ళుగా అదే హాస్యం ఆడుతున్నాడు. ఈమధ్య ఆ హాస్యం సగంలో ఉండగానే ఆవలింత వచ్చేస్తోంది.

ఆయనతో వంతులు పంచుకునే రెండో మనిషి రిటైరై రెండేళ్ళయింది. "ఇదిగో పంపిస్తున్నాం" అంటారు హెడ్డాఫీసువాళ్ళు. ఆ ఇదిగో ఇంకా ఇటువైపు రాలేదు. వారంలో ఆరు రోజులూ ఈయనే. మోకాళ్ళు అరిగిపోయాయి. పొద్దున్నే ఆయన లేవగానే అలసట కూడా పక్కలోంచి లేచి, చెప్పులేసుకుని వెంట వస్తుంది.

ఆ రోజు అలసటకి తోడు భయం కూడా వచ్చింది. ప్రయాణికుల బెంచీ చివర, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, వాళ్ళక్క కూర్చుంది.

అక్క ఆయనకన్నా పన్నెండేళ్ళు పెద్ద. తల్లి పోయాక కుట్టుమిషను మీద వంగి, ఊళ్ళో బళ్ళకి యూనిఫారాలు కుట్టి, తమ్ముణ్ణి పెంచింది. సూదిలో దారం ఎక్కించడానికి ఏనాడూ కళ్ళు చిట్లించని మనిషి. అలాంటిదానికి రెండు కళ్ళలోనూ ఒత్తిడి పెరిగింది. పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నది పోకుండా ఆపరేషను చెయ్యొచ్చు అన్నారు. చేసే పెద్ద డాక్టరు అవతలి ఊరి ఆసుపత్రికి నాలుగు నెలలకోసారి ఒక్కరోజు వస్తాడు. మొదటిసారి తేదీ ఇచ్చినప్పుడు రెండు కళ్ళూ పనిచేస్తున్నాయి. ఆ రోజు విమానంలో చోటు చాల్లేదు. రెండోసారి ఇచ్చిన తేదీనాటికి ఎడమకన్ను మసకబారింది. ఆ రోజూ చాల్లేదు. ఇప్పుడు ఎడమకంటికి పగలూ రాత్రీ ఒకటే. మూడోసారి ఇచ్చిన తేదీ రేపు ఉదయం. కుడికన్ను కూడా సగం మూసుకుపోయింది, ఈసారి రాకపోతే ఇక రానక్కర్లేదు అని ఆసుపత్రివాళ్ళు చీటీ మీద రాసి పంపారు. అంత మర్యాదగా కాదు గానీ, అర్థం అదే.

చోటు చాలకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఆ పన్నెండు సీట్లూ ఉద్యోగుల చుట్టపక్కాలతోనే నిండిపోతున్నాయని ఊరంతా గోల పెడితే, కంపెనీ ఒక నియమం పెట్టింది. ఉద్యోగి ఇంటివాళ్ళకి టికెట్టు అమ్మరు. పాసు ఇస్తారు. పాసు మనిషి అందరి తర్వాత ఎక్కాలి, బరువు మించితే అందరికన్నా ముందు దిగాలి. ఆ రెండుసార్లూ అక్కని దింపింది ఎవరో కాదు, తమ్ముడే. మొదటిసారి తొమ్మిది కిలోలు తక్కువ పడ్డాయి. రెండోసారి పదిహేడు. తన పుట్టినరోజు మర్చిపోతాడు గానీ ఆ రెండంకెలు మర్చిపోడు.

"రా అక్కా, ఎక్కు" అన్నాడు.

"ఎన్నిసార్లు ఎక్కిస్తావురా దీన్ని? విమానం ఎక్కిందానికన్నా కాటా ఎక్కిందే ఎక్కువయింది" అంటూ ఆవిడ తడుముకుంటూ కాటా మీద నిలబడింది.

ముల్లు నలభై ఒకటి దగ్గర ఆగింది. కాటాయన చెయ్యి నలభై అయిదు అని రాసింది. సంచి నాలుగు. మొత్తం నలభై తొమ్మిది.

ఆ నాలుగు కిలోలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, పదకొండేళ్ళ వెనక్కి వెళ్ళాలి. అప్పుడొకనాడు, రెండో మనిషి సెలవులో ఉంటే, వరసగా తొమ్మిదో డ్యూటీలో, నిద్రమత్తులో, ఒక భారీ మనిషి బరువు తొంభైకి బదులు అరవై అని రాశాడు. విమానం కంచె ముళ్ళు చక్రాలకి చుట్టుకుని లేచింది. అవతల క్షేమంగానే దిగింది. "ఇవాళ గాలి సరిగ్గా లేదు" అనుకున్నారు అందరూ. ఈయనొక్కడికే తెలుసు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి ఎవరికీ చెప్పకుండా మనిషికి నాలుగు కిలోలు కలిపి రాయడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి అది అలవాటైంది. పదేళ్ళు తిరిగేసరికి తను కలుపుతున్నానన్న సంగతే ఆయనకి గుర్తులేదు. ముల్లు నలభై ఒకటి చూపిస్తే ఆయన కంటికి నలభై అయిదే కనపడేది. అక్కని దింపిన ఆ రెండు రోజులూ కూడా ఆ నాలుగూ తీసి చూద్దామన్న ఊహే రాలేదు.

పదకొండున్నరకల్లా పన్నెండుమందినీ తూచాడు. కూడిక సరిగ్గా సరిపోయింది. ఒక్క కిలో మిగల్లేదు, ఒక్క కిలో మించలేదు. ఆయనకి గుండెల మీంచి బండ దింపినట్టయింది. అక్క వంక చూసి తలూపాడు. ఆవిడకి కనపడలేదు.

అప్పుడు నిమిషాలయ్య అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు.

నిమిషాలయ్య పని గాలి చూడటం, రేడియోలో అవతలి ఊరితో మాట్లాడటం, ఈ రోజు ప్రయాణానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పడం. ఆయన చెప్పిన నిమిషాలని బట్టి ఇంధనం పోస్తారు. నిమిషానికి మూడు కిలోలు. ఎవరినీ నొప్పించే మనిషి కాదు గానీ, ఆయన తెచ్చే కబురు ఎవరికో ఒకరికి నొప్పి కలిగిస్తూనే ఉంటుంది.

"ఎదురుగాలి లేచింది" అన్నాడు కాటాయన కళ్ళలోకి చూడకుండా. "గంటా ఇరవై కాదు. గంటా యాభై వేసుకో."

అరగంట ఎక్కువ. తొంభై కిలోల ఇంధనం ఎక్కువ. అంటే తొంభై కిలోల మనుషులు తక్కువ.

"సరిగ్గా చూశావా?"

"చూడకుండా చెప్తానా?" అని నిమిషాలయ్య తన గదిలోకి వెళ్ళిపోయాడు.

కాటాయన పెన్సిలు తీసుకున్నాడు. ముందు దిగాల్సింది పాసు మనిషి. నలభై తొమ్మిది కొట్టేశాడు. ఇంకా నలభై ఒకటి దిగాలి. తర్వాత దిగాల్సింది చివర టికెట్టు కొన్నవాడు. అతను బోర్లు వేసే మేస్త్రీ. మూడు నెలలు ఈ చుట్టుపక్కల బోర్లు వేసి ఇంటికి పోతున్నాడు. ఎండుపుల్లలాంటి మనిషి, వెంట ఇరవై కిలోల పనిముట్ల సంచి. కాగితం మీద మొత్తం ఎనభై నాలుగు. అదీ కొట్టేస్తే నలభై మూడు కిలోల ఖాళీ వచ్చింది.

మేస్త్రీకి చెప్పడానికి వెళ్తే అతను ముందే లేచి నిలబడ్డాడు.

"నేనేనా?"

"నువ్వేనయ్యా. గాలి ఎక్కువైంది."

"మొన్నా నేనే గదండీ. మొన్న కూడా గాలేనన్నారు. మా ఆవిడ అక్కడ షెడ్డు దగ్గరికొచ్చి, దిగినోళ్ళందరి మొహాలూ చూసుకుని ఇంటికి పోయిందంట." అరవలేదు. అరిచే ఓపిక అతని దగ్గరా లేదు. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

కాటాయన కుర్చీలోకి వచ్చి కాగితం ముందేసుకున్నాడు. నలభై మూడు కిలోల ఖాళీ. అక్క నలభై తొమ్మిది. సంచి వదిలేసి వెళ్తే నలభై అయిదు. రెండు కిలోలు తక్కువ. రెండంటే రెండు. ఒక జత చెప్పులు, ఒక దుప్పటి. ఆయనకి ఏడుపొచ్చింది. మూడు వందల ఎనభై కిలోమీటర్ల దూరానికి రెండు కిలోలు అడ్డం.

అప్పుడు, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి, ఆ నాలుగు కిలోలు గుర్తొచ్చాయి.

ముందు సంతోషం వేసింది. ఒక్క రబ్బరు ముక్క చాలు. సొంత అక్క అంకె తుడిస్తే వేలెత్తి చూపిస్తారు గానీ, లావుపాటి కాంట్రాక్టరు దగ్గర తొంభై ఏడు అని ఉంది. దాన్ని తొంభై అయిదు చేస్తే సరి. అబద్ధం కూడా కాదు, నిజానికి కాస్త దగ్గరికి జరగడమే. ఎవరికీ తెలీదు. అక్క ఎక్కుతుంది. వెంటనే రెండో ఆలోచన వచ్చింది, అది రాకుండా ఉంటే బాగుండేది. ఒకరి దగ్గర రెండు తీయడం దేనికి? పదిమంది దగ్గరా నాలుగేసి తీసేస్తే నలభై. ఉన్న నలభై మూడుకి కలిపితే ఎనభై మూడు. మేస్త్రీ అసలు బరువు సంచితో కలిపి ఎనభై. నిజం మొత్తం చెప్తే విమానం ఎక్కేది అక్క కాదు, మేస్త్రీ. టికెట్టు కొన్నవాడు. అక్క మళ్ళీ బెంచీ మీదే.

కాటాయన మేస్త్రీ వైపు చూడలేదు. రబ్బరు తీసి తొంభై ఏడులో ఏడుని తుడిచాడు. అయిదు వేశాడు.

"ఏం తుడుస్తున్నావయ్యా?"

తల ఎత్తితే కెప్టెను. కాగితం మీద సంతకం పెట్టడానికి వచ్చి ఎప్పుడు నిలబడ్డాడో ఏమో. మాటలు తక్కువైన మనిషి. ఏడాదిన్నర కిందట భార్య పోయాక ఆ తక్కువ మాటలు కూడా తగ్గిపోయాయి. చొక్కా భుజాల మీంచి వదులుగా వేలాడుతుంటుంది.

"ఏం లేదు సార్. పొరపాటు పడింది, సరిచేస్తున్నా."

కెప్టెను కాగితం చూశాడు. కొట్టేసిన పాసు చూశాడు. బెంచీ చివర కూర్చున్న ముసలావిణ్ణి చూశాడు. ఆవిడెవరో ఆయనకి తెలుసు. అడక్కుండానే లెక్క అర్థమైంది.

"ఆ కాంట్రాక్టరుని పిలువు. నా ఎదురుగా మళ్ళీ తూచు."

కాంట్రాక్టరు విసుక్కుంటూ వచ్చి కాటా ఎక్కాడు. ముల్లు ఊగి, తొంభై మూడు దగ్గర ఆగింది.

కెప్టెను కనుబొమలు ముడిపడ్డాయి. దొంగ దొరికాడనుకున్నవాడికి దొంగ చేతిలో వాడి సొంత సొమ్మే కనపడినట్టయింది. "ముందు రాసింది తొంభై ఏడు. తుడిచి వేసింది తొంభై అయిదు. ఉన్నది తొంభై మూడు. ఇదేం లెక్కయ్యా?" ఇంకొకరిని పిలిచాడు. కాగితం మీద డెబ్భై ఒకటి, కాటా మీద అరవై ఏడు. మరొకరు. యాభై ఎనిమిది, యాభై నాలుగు. "కాటా చెడిపోయిందా?"

చెడిపోయిందంటే సరిపోయేది. పరువు దక్కేది. కానీ కాటా చెడిపోతే విమానం కదలదు, నియమం. అందరూ ఇంటికి పోతారు, అక్కతో సహా. కాటాయన కాసేపు నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత నమలడానికి కూడా ఓపిక లేకపోయింది.

"కాటా బాగానే ఉంది సార్. నేనే. మనిషికి నాలుగు కలుపుతున్నా."

"ఎప్పట్నుంచి?"

"కంచె తగిలిన మర్నాటి నుంచి. ఆ రోజు తప్పు రాసింది నేనే సార్. తొంభైకి అరవై వేశా. గాలి కాదు."

కెప్టెను ముక్కు మీద వేలు రుద్దుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. కోపం వస్తుందని కాటాయన ఎదురుచూశాడు. వస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నీ అంకెల మీద కూర్చుని ఎగురుతున్నానయ్యా నేను" అన్నాడు కెప్టెను చివరికి. "అనుకోని కష్టానికి ముప్పావుగంట ఇంధనం అదనంగా ఉండాలని పుస్తకంలోనే ఉంది. బరువులో ఉండాల్సిన జాగ్రత్త బరువులో ఉంది. దాని మీద నువ్వు రహస్యంగా ఇంకో జాగ్రత్త. ఇరవై రెండేళ్ళ పనిమంతుడివి. నాకో మాట చెప్పొచ్చుగా."

"భయమేసింది సార్."

"ఊఁ. సరే, నిజం అంకెలు వెయ్యి."

వేశాడు. ఎనభై మూడు కిలోల ఖాళీ.

"మేస్త్రీ ఎక్కుతాడు" అన్నాడు కెప్టెను. "వరసలో అతనే ముందు."

"అవును సార్" అన్నాడు కాటాయన. అన్నాక అక్క వైపు తిరిగాడు. చెప్పబోయేలోపే ఆవిడ సంచి చేత్తో పట్టుకుని లేచింది. చూపు తగ్గినకొద్దీ చెవులు పదునెక్కాయి ఆవిడకి. అంతా వినేసింది.

"నాకు అర్థమైందిలేరా. ఇంటికి పోదాం, ఆటో పిలువు" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే ఆయనకి ఇంకా కష్టంగా ఉంది.

తొమ్మిది కిలోలు, పదిహేడు కిలోలు. ఆ రెండుసార్లూ చోటుంది. నలభై కిలోల చోటు. ఆ మాట అప్పటిదాకా మనసు గుమ్మం అవతలే నిలబడి ఉంది. ఇప్పుడు లోపలికొచ్చి కూర్చుంది. అక్క ఎడమకన్ను తీసింది రోగం కాదు, తన పెన్సిలు.

అప్పుడు మేస్త్రీ సంచి ఎత్తి కాటా పక్కన దబ్బున పడేశాడు. "ఇది ఎల్లుండి పంపండి. ఇంటికెళ్ళి ముందు రెండు రోజులు పడుకునేవాణ్ణే గదా, పనిముట్లు నాకు జోల పాడతాయా ఏంటి?"

ఇరవై. ఉన్న మూడుతో ఇరవై మూడు. అక్క సంచి లేకుండా నలభై ఒకటి. ఇంకా పద్దెనిమిది కావాలి. కాంట్రాక్టరు తన పెట్టె వైపు చూసుకుని, చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. మిగతావాళ్ళ సంచులు చిన్నవి, అన్నీ కలిపినా పద్దెనిమిది లేవు.

కెప్టెను కాగితం తీసుకుని పై వరస చూశాడు. "నా పేరెదురుగా ఎనభై ఆరు అని ఉంది. ఇది ఎప్పటిది?"

"మీరు ఇక్కడికి వచ్చినప్పటిది సార్. మిమ్మల్ని కాటా ఎక్కమనడం మర్యాద కాదని, అదే వేస్తున్నా."

కెప్టెను బూట్లు కూడా విప్పలేదు. నేరుగా వెళ్ళి కాటా మీద నిలబడ్డాడు. ముల్లు అరవై ఏడు దగ్గర ఆగింది.

పంతొమ్మిది కిలోలు. ఎవరూ ఆయన మొహం వంక చూడలేకపోయారు. ఒకే మనిషి ఏడాదిన్నరలో అంత తగ్గిపోతే రోజూ చూసేవాళ్ళకి తెలియకపోవడమేమిటి? చొక్కా వదులైందనే అనుకున్నారు.

"డాక్టరు చూస్తూనే ఉన్నాడు, ఏ జబ్బూ లేదు" అన్నాడు కెప్టెను కాటా దిగుతూ. "ఒక్కడికి వండుకోవడం అలవాటు కాలేదు, అంతే. అద్దంలో తెలుస్తూనే ఉంది, నేనూ చెప్పలేదు. నీ నాలుగు కిలోలకి నేనేం పాఠం చెప్తానులే." మళ్ళీ కాగితం మీద వేలు పెట్టాడు. "అరవై ఏడు వెయ్యి. సాయంత్రం హెడ్డాఫీసుకి నీ సంగతి నువ్వు రాయి, నా సంగతి నేను రాస్తాను. అమ్మా, రండి. సంచి ఇక్కడే వదిలెయ్యండి."

ఒక్క కిలో మిగిలింది. అక్క ఆసుపత్రి చీటీ మాత్రం జాకెట్లో దోపుకుంది. నిమిషాలయ్య అద్దాల గదిలోంచి ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. ఏదో చెప్పబోయినట్టు తలుపు సగం తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

విమానం ఒంటిగంటకి లేచింది. కంచె మీద మనిషెత్తు దూరం ఉండగా దాటింది. కాటాయన చూడలేక కళ్ళు మూసుకుని, చప్పుడు దూరమయ్యాక తెరిచాడు. ఆ తర్వాత అక్క సంచి ఒళ్ళో పెట్టుకుని, అక్క కూర్చున్న చోటే బెంచీ మీద కూర్చున్నాడు. గంటా యాభై నిమిషాలు. రెండు యాభైకి దిగాలి. మోకాళ్ళు సలుపుతున్నాయి. ఇరవై రెండేళ్ళ అలసట ఒక్కసారే వచ్చి మీద వాలినట్టుంది. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు. ఆ మాట నిజంగానే అనుకున్నాడు, ఊరికే కాదు.

రెండు ముప్ఫై ఎనిమిదికి నిమిషాలయ్య గదిలో రేడియో గరగరలాడింది. ఆయన తలుపు తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దిగింది. అందరూ క్షేమం."

కాటాయన ఊపిరి వదిలాడు. ఊపిరితో పాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, తుడుచుకోలేదు. అప్పుడు గడియారం కనపడింది.

"ఎంత పట్టింది?"

"గంటా ముప్ఫై ఎనిమిది."

"గాలి తగ్గిందా?"

నిమిషాలయ్య గుమ్మం కొయ్య గోకుతూ నిలబడ్డాడు. "తగ్గలేదు. పొద్దున నాకు వచ్చిన లెక్కే అంత."

పన్నెండు నిమిషాలు. ముప్ఫై ఆరు కిలోలు. కాటాయన ఆ గుణకారం వెయ్యకుండా ఉండలేకపోయాడు.

"ఎప్పట్నుంచి కలుపుతున్నావు?"

"ఆ రోజు కంచె తగిలింది చూడు, ఆ మర్నాటి నుంచే. గాలి తప్పు చెప్పింది నేనేననుకున్నా."

తిట్టాలని నోరు తెరిచాడు కాటాయన. ఏ మొహం పెట్టుకుని తిడతాడు? పదకొండేళ్ళు ఇద్దరూ పది అడుగుల దూరంలో కూర్చున్నారు. కలిసి టీ తాగారు. ఒకడు నిమిషాలు కలిపాడు, ఇంకొకడు కిలోలు కలిపాడు. ప్రతి ఎదురుగాలికీ ఒకరో ఇద్దరో బెంచీ మీద మిగిలారు. పెళ్ళికి అందనివాళ్ళు, చావుకి అందనివాళ్ళు, మొన్న మేస్త్రీ. "లేదండీ, బరువు సరిపోదు" అని వాళ్ళందరికీ మెత్తగా చెప్పి పంపింది తనే. ఎంతమందో కూడిక వేద్దామనుకుని, భయపడి మానేశాడు.

గోడ మీది ఫోను మోగింది. నిమిషాలయ్య తీసి, ఒక్కమాట విని, కాటాయనకి అందించాడు.

"ఒరేయ్, వచ్చేశాను" అంది అక్క. చుట్టూ మనుషుల సందడి వినపడుతోంది. "మేస్త్రీ వాళ్ళావిడ వచ్చింది, వాళ్ళే నన్ను ఆసుపత్రిలో దించుతారట. ఇంత దగ్గరటరా ఈ ఊరు! ఓ కునుకు తీద్దామనుకునేసరికి దించేశాడు."

"ఊఁ" అన్నాడు.

"నన్ను కెప్టెను వెనక సీట్లోనే కూర్చోబెట్టారు. దారంతా ఆలోచిస్తూ కూర్చున్నా. నాకు అంకెలు బాగానే వచ్చు, ఎన్ని వందల బట్టలు కొలిచానో నీకు తెలుసుగా. ఆ మొదటిసారి ఎన్ని తక్కువన్నావు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆవిడ కాగితం చూడలేదు, చూసినా కనపడదు.

"తొమ్మిదక్కా."

"రెండోసారి?"

"పదిహేడు."

ఆవిడ లెక్క వేసుకుంటోందని ఆయనకి తెలుసు. మనిషికి నాలుగు, పదిమందికి నలభై. పెద్ద లెక్కేం కాదు. ఆయన రిసీవరు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"అక్కా, నేనే తీసేశాను. నీ కన్ను నేనే..." అని ఆగిపోయాడు.

"నాకర్థమైందిలే" అంది ఆవిడ. ఆ గొంతులో కూడా అలసటే ఉంది, అరవై నాలుగేళ్ళ అలసట. "ఈ కుడికన్ను సంగతి రేపు తేలుతుంది. ఇది ఎప్పుడూ నీ వైపేరా, ఏమీ అనుకోదు. ఆ ఎడమకంటికి మాత్రం ఈ సంగతి చెప్పకు" అని ఫోను పెట్టేసింది.